ట్యాబ్ ఉంది, పేషెంట్ చరిత్ర లేదు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లాలో ప్రభుత్వ మెడికల్ ఆఫీసరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. సర్వీసులో ఎక్కువ భాగం పీహెచ్‌సీల్లోనే గడిచింది. ఇప్పటికీ ఊళ్లో ఎవరికైనా కాళ్లు వాచినా, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చేతికొచ్చినా ముందు మా ఇంటి అరుగు మీదికే వస్తారు. ఈ లేఖ జీతాల గురించో బదిలీల గురించో కాదు. పీహెచ్‌సీ డాక్టరు, విలేజ్ క్లినిక్ సిస్టరు రోజంతా చేతిలో పట్టుకుని తిరిగే ట్యాబ్ గురించి.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మన దగ్గర కంప్యూటర్ పై ఆఫీసుకి లెక్కలు పంపడానికి వచ్చింది. ఎదురుగా కూర్చున్న మనిషి గురించి డాక్టరుకి చెప్పడానికి రాలేదు. కొన్ని దేశాల్లో ఫ్యామిలీ డాక్టర్లు నలభై యాభై ఏళ్లుగా కంప్యూటర్లు వాడుతున్నారు. ఎక్కడ డాక్టరు అవసరం కోసం మొదలైందో అక్కడ బాగా నడిచింది. ఎక్కడ బిల్లుల కోసమో, పర్యవేక్షణ కోసమో మొదలైందో అక్కడ డాక్టర్లు దాన్ని తిట్టుకుంటూనే ఉన్నారు. మనం రెండో దారిలో చాలా దూరం వచ్చేశాం, కానీ వెనక్కి తిరగలేనంత దూరం కాదు.

2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం రాష్ట్రమంతటా మొదలైంది. తర్వాత ప్రభుత్వం మారింది, బోర్డుల మీద పేర్లూ మారాయి. పేరు ఏదైనా ఆలోచన మంచిది. పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు, ఒకరు ఆస్పత్రిలో ఓపీ చూస్తుంటే ఇంకొకరు 104 బండితో ఊళ్లకు వెళ్లాలి, ప్రతి ఊరికీ నెలకు రెండుసార్లు. మిగతా రోజుల్లో ఊరిని కనిపెట్టుకుని ఉండటానికి విలేజ్ క్లినిక్, అందులో నర్సింగ్ చదివిన సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు), వెంట ఏఎన్‌ఎం, ఆశాలు. ఇలాంటివి రాష్ట్రంలో పది వేలకు పైనే ఉన్నాయి. నేను సర్వీసులో చేరిన రోజుల్లో ఇది కలలో కూడా లేదు.

కానీ ఒక చిక్కుంది. పదిహేను రోజులకోసారి వచ్చే డాక్టరుకి ఊరంతా గుర్తుండదు. పైగా ఈసారి వచ్చినాయన పోయినసారి వచ్చినాయన కాకపోవచ్చు. సెలవులు, డెప్యుటేషన్లు, పీజీ సీటు వచ్చి వెళ్లిపోవడాలు, ఇవన్నీ మీకు తెలిసినవే. మనిషి గుర్తుంచుకోలేని చోట గుర్తుంచుకోవాల్సింది కంప్యూటరే.

ఈ మధ్య ఒక ఊళ్లో 104 వచ్చిన రోజు క్లినిక్‌లో ఓ మూల కూర్చుని చూశాను. ఊరి పేరు రాయను. రాస్తే మెమో అందుకునేది అక్కడి సిస్టరే. డెబ్బై ఏళ్ల ముసలమ్మ వచ్చింది, షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. సిస్టర్ బీపీ చూసి రిజిస్టర్‌లో రాసింది. అదే అంకె ట్యాబ్‌లో ఎక్కించింది. తర్వాత ఆభా నంబరు (ఒక్కో మనిషికీ ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు) లింక్ కాలేదని ట్యాబ్ చూపించింది. ఆధార్‌కి కలిపిన ఫోను ముసలమ్మది కాదు, హైదరాబాద్‌లో తాపీ పని చేసుకునే కొడుకుది. ఓటీపీ అతనికి వెళ్లింది. సిస్టర్ ఫోన్ చేస్తే అతను కంగారుపడి, "మా అమ్మకేమైంది సిస్టర్?" అన్నాడు. ఏమీ కాలేదు, మెసేజ్‌లో నంబరు చెప్పు బాబూ అని సర్దిచెప్పేసరికి ఓటీపీ గడువు అయిపోయింది. మళ్లీ పంపారు. ఈలోగా సిగ్నల్ పోయింది. వెనక వరుసలో ఉన్నవాళ్లు గొణగడం మొదలుపెట్టారు.

అటు డాక్టరు గారు ముసలమ్మ తెచ్చిన ప్లాస్టిక్ కవరు బల్ల మీద కుమ్మరించారు. సగం కత్తిరించిన మాత్రల షీట్లు, పలాసలోని ప్రైవేటు డాక్టర్ల చీటీలు, ఎనిమిది మడతలు పెట్టిన ల్యాబ్ రిపోర్టు. అందులో ఒక షీటు క్లినిక్‌లో ఇచ్చిన షుగర్ మందు మెట్‌ఫార్మిన్. ఇంకోటి టౌన్లో రాసిన కాంబినేషన్ మాత్ర, దాని లోపలా మెట్‌ఫార్మినే. రెండూ ఒకే మందని ఆయన కళ్లద్దాలు పైకెత్తి, షీటు వెనక చిన్న అక్షరాలు చదివి పట్టుకున్నారు. ట్యాబ్ పట్టుకోలేదు. పోయిన విజిట్‌లో ఏం రాశారో ట్యాబ్‌లో చూడొచ్చు కదా అని అడిగితే, "అది వెతకాలంటే వేరే లాగిన్ సార్, తెరుచుకునేసరికి ఇంకో ఇద్దరు పేషెంట్లను చూసేయొచ్చు" అన్నారు. చిన్నవయసు డాక్టరు, ఓపిక ఉన్న మనిషి. అందరికీ ఆ ఓపిక ఉండదు, ఉండాలని కోరడం కూడా న్యాయం కాదు.

ఆ ట్యాబ్‌లో లేనిదేమైనా ఉందా అంటే అన్నీ ఉన్నాయి. టీబీకి నిక్షయ్, జ్వరాల నిఘాకి ఐహెచ్‌ఐపీ, టీకాలకి యు-విన్, గర్భిణులకి ఆర్‌సీహెచ్, షుగర్ బీపీలకి ఎన్‌సీడీ యాప్, మందుల స్టాకుకి ఒకటి, ముఖం చూపించి హాజరు వేసుకోవడానికి ఇంకొకటి. వీటిలో పనికిరానిది ఏదీ లేదు. టీబీ మందులు మధ్యలో ఆపేసినవాళ్లను పట్టుకోవడంలో నిక్షయ్ చేసిన మేలు నేనే చూశాను. కాకపోతే వీటిలో ఒక్కటి కూడా డాక్టరు కుర్చీలో కూర్చుని ఆలోచించి కట్టింది కాదు. ఒక్కొక్కటీ ఒక్కో ప్రోగ్రాం ఆఫీసరు గదిలో పుట్టింది. అందుకే ఒకే ముసలమ్మ బీపీ ఒక చోట, టీకా ఒక చోట, దగ్గు ఒక చోట ఉంటాయి. అన్నీ కలిపి ముసలమ్మ ఎక్కడా ఉండదు.

ఇక బయటి దేశాల సంగతి. ఆంధ్రా మెడికల్ కాలేజీలో నా బ్యాచ్‌మేట్ ఒకతను ఇంగ్లండ్ యార్క్‌షైర్‌లో జీపీగా పనిచేసి రిటైరయ్యాడు. జీపీ అంటే మనం అనుకునే ఫ్యామిలీ డాక్టరే. ప్రతి కుటుంబం ఒక జీపీ దగ్గర పేరు రాయించుకుని ఉంటుంది. పేషెంటును పేరు పెట్టి పిలిచి, ఆ మనిషి వరండాలోంచి గదిలోకి నడిచొచ్చే లోపు తాను స్క్రీన్ మీద ఏమేం చూసుకునేవాడో అతను చెబుతుంటాడు. పోయినసారి ఎందుకొచ్చారు, ఏ మందు పడదు, నెలనెలా వాడే మందులేంటి, కిడ్నీ పరీక్ష రెండేళ్లుగా ఎలా మారుతోంది, ఆస్పత్రి నుంచి వచ్చిన ఉత్తరం. మందు రాస్తుంటే అది ఇంకో మందుతో పడకపోతే స్క్రీన్ అడ్డుపడుతుంది. "కంప్యూటర్ లేని రోజు నాకు చెయ్యి విరిగినట్టుండేది" అంటాడు.

ఇది ప్రభుత్వం పై నుంచి దించిన వ్యవస్థ కాదు, అదీ నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది. 1970లోనే ఎక్సెటర్‌లో జాన్ ప్రీస్ అనే జీపీ తన గదిలో పేషెంట్ల ముందే కంప్యూటర్ వాడటం మొదలుపెట్టాడు. ఉత్తర యార్క్‌షైర్‌లో ఎగ్టన్ అనే పల్లెటూరుంది. అక్కడ పీటర్ సవర్బీ, డేవిడ్ స్టేబుల్స్ అనే ఇద్దరు తమ ప్రాక్టీసు కోసం ఒక ప్రోగ్రాం రాసుకున్నారు. మందుల షాపు లేని ఊరు కాబట్టి మందులు కూడా డాక్టరే ఇవ్వాలి, లేబుళ్లు కొట్టాలి. ఆ అవసరంలోంచి పుట్టిన ఈమిస్ ఇవాళ ఇంగ్లండ్ జీపీలు వాడే రెండు పెద్ద వ్యవస్థల్లో ఒకటి. ఒక్కో జబ్బునీ కంప్యూటర్ గుర్తుపట్టే కోడ్‌లు కావాలంటే లఫ్‌బరో ఊరి జీపీ జేమ్స్ రీడ్ 1980లలో తయారుచేశాడు. తర్వాత ప్రభుత్వమే ఆ కోడ్‌లను కొనుక్కుని దేశమంతా వాడింది. కోటబొమ్మాళిలోనో టెక్కలిలోనో ఒక పీహెచ్‌సీ డాక్టరు రాసుకున్న ప్రోగ్రాంని అమరావతి కొని రాష్ట్రమంతా ఇవ్వడాన్ని ఊహించండి. మన దగ్గర ఆ డాక్టరుకి ముందు షోకాజ్ నోటీసు వస్తుంది.

అక్కడి ప్రభుత్వం చేసింది ఏమిటంటే డబ్బు సర్దడం, అడ్డంకులు తీయడం. 1990 నుంచి కంప్యూటర్ ఖర్చులో కొంత భాగం తిరిగి ఇచ్చింది. జీపీలు చాలా ఏళ్లు కంప్యూటర్‌లోనూ, కాగితం మీదా రెండు చోట్లా రాయాల్సి వచ్చింది, ఎందుకంటే నిబంధనల ప్రకారం కాగితం రికార్డు తప్పనిసరి. 2000లో ఆ నిబంధన మార్చి, కంప్యూటర్ రికార్డు ఒక్కటే ఉన్నా చాలన్నారు. మన సిస్టర్లు ఇవాళ ఆ 2000కి ముందు కాలంలో ఉన్నారు. 2016లో దేశంలో ముందుగా మన రాష్ట్రంలోనే ఏఎన్‌ఎంల చేతికి అన్‌మోల్ ట్యాబ్‌లు వచ్చినప్పుడు ఇక రిజిస్టర్ల బరువు తగ్గుతుందని ఆశపడ్డాం. ట్యాబ్ వచ్చి చేరింది, రిజిస్టర్ పోలేదు.

అదే ఇంగ్లండ్‌లో పై నుంచి కట్టాలని చూసినప్పుడు ఏమైందో కూడా చూడాలి. 2002లో దేశం మొత్తానికి, ముఖ్యంగా ఆస్పత్రులన్నిటికీ, ఒకే తరహా రికార్డు వ్యవస్థ అని భారీ కార్యక్రమం మొదలుపెట్టారు. ఖర్చు వెయ్యి కోట్ల పౌండ్ల స్థాయికి చేరింది. 2011లో దాన్ని విడగొట్టేస్తున్నామని ప్రకటించారు. జీపీల కంప్యూటర్లు మాత్రం దానికి ముందూ నడిచాయి, తర్వాతా నడుస్తున్నాయి.

అక్కడ అంతా బంగారమని నేననడం లేదు. 2004లో జీపీల ఆదాయంలో కొంత భాగాన్ని కంప్యూటర్‌లో నమోదైన ఫలితాలకు ముడిపెట్టారు. బీపీ ఇంత కంటే తక్కువుంటే ఇన్ని పాయింట్లు, పాయింట్లకు ఇంత డబ్బు. షుగర్, బీపీ చికిత్స కొంత మెరుగుపడింది. దాంతోపాటే టార్గెట్ గీతకు కాస్త కింద రీడింగులు గుమిగూడటాన్నీ పరిశోధకులు గమనించారు. మనిషన్నవాడు ఎక్కడైనా మనిషే. మన యాప్‌లలో అచ్చం నార్మల్ బీపీ అయిన 120/80లు ఎన్ని ఉన్నాయో ఒకసారి మీ డ్యాష్‌బోర్డులో చూపించమనండి. మంచి ఆరోగ్యం అలా అంకెల్లో కుదురుగా రాదు. పెండింగ్ చూపిస్తే వారం వారం టెలికాన్ఫరెన్స్‌లో పరువు తీస్తారన్న టెన్షన్‌లో ఉన్న సిస్టర్ పరీక్ష మానేసి అంకె ఎక్కిస్తుంది. నేను ఆమెను తప్పు పట్టను.

ఇంకొక సంగతి. ఇంగ్లండ్‌లోనే హైడ్ పట్టణంలో హెరాల్డ్ షిప్‌మన్ అనే జీపీ తన పేషెంట్లనే ఇంజక్షన్లతో చంపాడు, 2000 జనవరిలో 15 హత్యలు రుజువయ్యాయి. చంపిన తర్వాత వాళ్లకు ముందు నుంచే గుండె జబ్బు ఉన్నట్టు కంప్యూటర్‌లో పాత తేదీలతో రాసేవాడు. తాను ఏ రోజు ఏ గంటకు అది టైప్ చేశాడో కంప్యూటర్ లోపల విడిగా నమోదవుతోందని అతనికి తెలియదు. కోర్టులో అది బలమైన సాక్ష్యమైంది. ఎవరు ఎప్పుడు ఏం రాశారు, ఎవరు ఎవరి రికార్డు తెరిచి చూశారు అన్న జాడ ఉండటం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

నన్నడిగితే మనం చూసి నేర్చుకోవాల్సిన దేశం డెన్మార్క్. అక్కడ 1968 నుంచే ప్రతి మనిషికీ ఒక నంబరుంది, పుట్టిన తేదీ అందులోనే ఉంటుంది. (మన పెద్దవాళ్లలో సగం మంది ఆధార్ ప్రకారం జనవరి 1న పుట్టారు. ఊళ్లో ఒకే ఇంటిపేరుతో నలుగురు అప్పలమ్మలుంటే నలుగురి పుట్టినరోజూ ఒకటే. ఏ సాఫ్ట్‌వేర్ ఇంజినీరూ దీన్ని ఊహించి ఉండడు.) 1994లో మెడ్‌కామ్ అనే సంస్థ పెట్టారు. అది డాక్టర్లందరికీ ఒకే సాఫ్ట్‌వేర్ కొనివ్వలేదు. మీకు నచ్చింది వాడుకోండి, కానీ ఆస్పత్రికి పంపే రిఫరల్, ఆస్పత్రి నుంచి వచ్చే డిశ్చార్జి లేఖ, ల్యాబ్ ఫలితం, మందుల చీటీ మాత్రం అందరూ ఒకే నమూనాలో పంపాలి, అందుకోవాలి అంది. అంతే. వేర్వేరు కంపెనీల ప్రోగ్రాములు వాడుతున్నా ఒక జీపీ పంపిన కాగితం ఇంకొకరి స్క్రీన్ మీద చక్కగా తెరుచుకుంటుంది. 2003లో వచ్చిన వెబ్‌సైటులో పేషెంటు తన రికార్డు తాను చూసుకోవచ్చు, దాన్ని ఎవరెవరు తెరిచారో కూడా చూసుకోవచ్చు. 2009 నుంచి ఈమెయిల్‌లో అడిగిన సందేహానికి జవాబివ్వడం జీపీ బాధ్యత. దానికి ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది.

అక్కడా ఒక దెబ్బ తగిలింది. జీపీల కంప్యూటర్ల నుంచి పేషెంట్ల వివరాలు ఒక పెద్ద డేటాబేస్‌లోకి పోగు చేస్తున్నారని, అంత పోగు చేయడానికి చట్టం ఒప్పుకోలేదని 2014లో బయటపడింది. గొడవ ముదిరి ఆ డేటా మొత్తం చెరిపేయాల్సి వచ్చింది. ఇంగ్లండ్‌లో కూడా ఇలాంటి పథకమే 2016లో మూతపడింది. ముందు అడిగి, తర్వాత పోగుచేయాలి. మన దేశంలో 2023లో వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది. ఆభా కోసం బొటనవేలు పెట్టించేటప్పుడు దేనికి పెట్టిస్తున్నామో ముసలమ్మకు తెలుగులో రెండు ముక్కలు చెప్పాలన్న ఆదేశం ఉంటే బాగుంటుంది.

అమెరికా గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే మన సలహాదారులు ఎక్కువగా అటువైపే చూస్తారు. 2009 చట్టంతో అక్కడ డాక్టర్లు, ఆస్పత్రులు కంప్యూటర్ రికార్డులు పెట్టుకోవడానికి ప్రభుత్వం మూడు వేల కోట్ల డాలర్లకు పైగా ప్రోత్సాహకాలిచ్చింది. ఇంచుమించు అందరూ పెట్టుకున్నారు. అయితే ఆ సాఫ్ట్‌వేర్ పెరిగింది ఇన్సూరెన్స్ బిల్లుల చుట్టూ. విస్కాన్సిన్‌లో 142 మంది ఫ్యామిలీ డాక్టర్ల మీద చేసిన పరిశీలన 2017లో అచ్చయింది. పదకొండున్నర గంటల పనిదినంలో ఇంచుమించు ఆరు గంటలు కంప్యూటర్‌కే పోతున్నాయని తేలింది. అందులో దాదాపు గంటన్నర క్లినిక్ మూశాక. ఆ బరువు దించుకోవడానికి డాక్టరు మాట్లాడుతుంటే విని రాసిపెట్టే మనుషుల్ని పెట్టుకున్నారు. ఆ రాసేవాళ్లలో చాలామంది మన దేశంలో రాత్రి షిఫ్టుల్లో కూర్చుని రాశారు, హైదరాబాద్ కుర్రాళ్లు కూడా. అమెరికా డాక్టరు ఎంట్రీ పని మన పిల్లలు చేస్తుంటే, మన డాక్టరు ఎంట్రీ పని మన డాక్టరే చేసుకుంటున్నాడు. ఇప్పుడు ఆ పని ఏఐ చేస్తుందంటున్నారు. మా వైపు "కడుపులో దేవుతోంది బాబూ" అంటే అది అర్థం చేసుకునే రోజు వచ్చాక మాట్లాడుకుందాం.

అమెరికాలోనే జరిగిన ఇంకో వ్యవహారం మీ టెండర్ కమిటీ తప్పకుండా చదవాలి. ప్రాక్టీస్ ఫ్యూజన్ అనే కంపెనీ డాక్టర్లకు రికార్డు సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇచ్చేది. వ్యసనంగా మారే ఓపియాయిడ్ నొప్పి మందులు అమ్మే కంపెనీ నుంచి డబ్బు తీసుకుని, డాక్టరు స్క్రీన్ మీద వచ్చే చికిత్స సూచనల్ని ఆ మందులకు అనుకూలంగా పెట్టిందని తేలింది. 2020లో కేసు సర్దుబాటుకు 14.5 కోట్ల డాలర్లు కట్టింది. ఆస్ట్రేలియాలో ఒకప్పుడు జీపీలు మందు రాసే స్క్రీన్ మీదే మందుల కంపెనీల ప్రకటనలు వచ్చేవి. ఉచితంగా ఇస్తామని ఏ స్టార్టప్ మీ ఆఫీసు మెట్లెక్కినా ఈ రెండూ గుర్తుంచుకోండి.

డబ్బున్న దేశాల సంగతులు మనకెందుకు అంటారేమో. బ్రెజిల్ చూడండి. అక్కడ 1994 నుంచి కుటుంబ ఆరోగ్య బృందాలున్నాయి. ఒక డాక్టరు, నర్సు, ఇంటింటికీ తిరిగే మన ఆశాల్లాంటి కార్యకర్తలు కలిసి మూడు నాలుగు వేల మంది జనాన్ని చూసుకుంటారు. 2013లో ప్రభుత్వమే ఈ-సుస్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేయించి మున్సిపాలిటీలకు ఉచితంగా ఇచ్చింది. అందులో నాకు నచ్చిన తెలివి ఒకటుంది. కంప్యూటర్, నెట్ ఉన్న చోట డాక్టరు నేరుగా పూర్తి రికార్డు రాస్తాడు. లేని చోట బృందం చిన్న కాగితం ఫారం నింపితే తర్వాత ఒకరు కూర్చుని ఎక్కిస్తారు. లేనిది ఉన్నట్టు నటించమని ఎవరినీ అడగలేదు. కార్యకర్త ట్యాబ్ కూడా సిగ్నల్ లేని చోట పనిచేసి, సిగ్నల్ వచ్చాక సింక్ చేసుకుంటుంది.

కెన్యాలో ఎల్డొరెట్ చుట్టుపక్కల హెచ్‌ఐవీ క్లినిక్‌లలో ఇంకా తేలికైన పద్ధతి పెట్టారు. డాక్టరు కంప్యూటర్ ముట్టుకోనక్కర్లేదు. కాగితం మీద రాస్తాడు, డేటా ఎంట్రీ మనిషి ఎక్కిస్తాడు. వచ్చేసారి పేషెంటు వచ్చేసరికి ఒక పేజీ సారాంశం ప్రింట్ తీసి ఫైలు పైన పెడతారు. ఫలానా పరీక్ష చేయించి చాలా కాలమైంది అన్న హెచ్చరిక అందులోనే ఉంటుంది. ఆ హెచ్చరిక ఉన్న పేజీలు చూసిన డాక్టర్లు పరీక్షలు మరచిపోకుండా రాశారని అధ్యయనంలో తేలింది. ఖర్చు ఒక ప్రింటర్, ఒక ఎంట్రీ మనిషి.

అంత దూరం కూడా వెళ్లనక్కర్లేదు. మన దేశంలోనే బీపీ నియంత్రణ కార్యక్రమం మొదలైన తొలి ఐదు రాష్ట్రాల్లో పక్కనున్న తెలంగాణ ఒకటి. అదే కార్యక్రమంలో పంజాబ్ లాంటి చోట్ల సింపుల్ అనే ఓపెన్ సోర్స్ యాప్ వాడారు. పేషెంటు కార్డు మీది కోడ్ స్కాన్ చేస్తే పాత బీపీలు, వాడుతున్న మందులు కనిపిస్తాయి. కొత్త రీడింగ్ వేయడానికి నిమిషం కూడా పట్టదు. తేదీ దాటినా రానివాళ్ల జాబితా దానంతటదే వస్తుంది, సిస్టర్ వాళ్లకు ఫోన్ చేయొచ్చు. నర్సు చేతిలో ఎంత టైముందో తెలిసినవాళ్లు చేసిన యాప్ అది.

ఇప్పుడు నా జిల్లా దగ్గరికొస్తాను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి మీకు కొత్తగా చెప్పేదేం లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి తోటల్లో పనిచేసే మనుషులు ఒకరి తర్వాత ఒకరు డయాలసిస్‌కి చేరుతున్నారు. పలాసలో పరిశోధన కేంద్రం, ఆస్పత్రి వచ్చాయి, సంతోషం. కానీ ఈ జబ్బులో ఒక్క రిపోర్టు చూసి ఏమీ చెప్పలేం. క్రియాటినిన్ అంకె పెరిగేకొద్దీ కిడ్నీ దెబ్బతింటున్నట్టు. క్రియాటినిన్ 1.4 ఉందంటే, ఏడాది కిందట 1.3 ఉందా, 0.9 ఉందా అన్నదే అసలు ప్రశ్న. మొదటిదైతే కాస్త నిదానంగా చూడొచ్చు. రెండోదైతే ఆ మనిషిని ఆ రోజే పంపాలి. ఒళ్లు నొప్పులకని ఊళ్లో దొరికే డైక్లోఫెనాక్ ఇంజక్షను ఆ రెండో మనిషికి చాలా చేటు. ఇంగ్లండ్‌లో 2006 నుంచి ల్యాబులే క్రియాటినిన్‌తోపాటు కిడ్నీ ఎంత శాతం పనిచేస్తోందో లెక్కకట్టి జీపీకి పంపుతున్నాయి. పాత అంకెలన్నీ కలిపి గీత గీసి చూపడం కంప్యూటర్‌కి చిటికెలో పని. మా ఉద్దానం మనిషి కవరులో మూడు ల్యాబుల రిపోర్టులుంటాయి. నాలుగోది వర్షంలో తడిసి చదవడానికి రాదు.

అందుకని నేను అడిగేది రాష్ట్రమంతా కొత్త ప్రాజెక్టు కాదు. ముందు కవిటి మండలంలో ఆరు నెలలు చేసి చూడండి. డాక్టరు ట్యాబ్ తెరిస్తే మొదటి స్క్రీన్ మీద మనిషి కనిపించాలి. పోయినసారి ఏం చెప్పారు, ఏ మందులు వాడుతున్నారు, బయట కొన్నవి కూడా, క్రియాటినిన్ గీత ఎటు పోతోంది, ఏ మందు పడదు. ఓటీపీ లేకుండా క్లినిక్ కార్డు స్కాన్ చేస్తే చాలు తెరుచుకోవాలి. ఒకసారి ఎక్కించిన బీపీ ఎన్ని పోర్టళ్లకు కావాలో అన్నిటికీ వెనక నుంచి అదే వెళ్లాలి, ఆ పని సర్వర్లది, సిస్టర్‌ది కాదు. పలాస ఆస్పత్రి నుంచీ విశాఖ కేజీహెచ్ నుంచీ డిశ్చార్జి అయినవాళ్ల కాగితం ఆ రాత్రికే పీహెచ్‌సీకి చేరాలి. సిగ్నల్ లేకపోయినా పని ఆగకూడదు. చివర్లో చిన్న ప్రింటర్ మీద తెలుగులో ఒక చీటీ రావాలి: ఏ మాత్ర, పొద్దున్నా రాత్రా, తిండికి ముందా తర్వాతా, మళ్లీ ఏ తేదీకి రావాలి. ఆ చీటీ ఉంటే టౌన్లో ప్రైవేటు డాక్టరు కూడా అదే మందు రెండోసారి రాయడు.

ఆ ఆరు నెలలు కవిటి సిస్టర్లకు రిజిస్టర్లు రాయడం నుంచి మినహాయింపు ఇస్తూ ఒక సర్క్యులర్ కావాలి. నోటి మాట చాలదు, ఆడిట్‌కి వచ్చినవాళ్లు మొదట అడిగేది రిజిస్టరే. అక్కడి అంకెలను టెలికాన్ఫరెన్స్‌లో తిట్టడానికి వాడబోమని కూడా అందులోనే రాయించండి. రాయించకపోతే మళ్లీ 120/80లే వస్తాయి. రికార్డు ఎవరు తెరిచారో జాడ ఉండాలన్నదీ, స్క్రీన్ మీద ఏ మందుల కంపెనీ నీడా పడకూడదన్నదీ, డేటా ప్రభుత్వం దాటి పోకూడదన్నదీ టెండరులోనే షరతులుగా పెట్టాలి. తర్వాత చేరుస్తామంటే చేరవు.

ఇందుకు కమిటీ వేస్తారని నాకు తెలుసు. కమిటీ లేకుండా మన దగ్గర ఏదీ కదలదు. అందులో ఐటీ శాఖవాళ్లు, కన్సల్టెంట్లు ఎలాగూ ఉంటారు. వాళ్లతోపాటు ఇద్దరు సీహెచ్‌ఓలను, ఒక ఏఎన్‌ఎంని, 104 బండి మీద వెళ్లే ఒక డాక్టరుని కూర్చోబెట్టండి. మినిట్స్‌లో వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాయించండి. మొదటి మీటింగు విజయవాడలో కాకుండా కవిటిలో పెడితే ఇంకా మేలు. 104 షెడ్యూలు మీ ఆఫీసులోనే దొరుకుతుంది. బండి వచ్చే రోజు చూసుకుని, కలెక్టరుకీ డీఎంహెచ్‌ఓకీ ముందు చెప్పకుండా రండి. చెబితే ఆ రోజు సర్వర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెడికల్ ఆఫీసర్,
శ్రీకాకుళం జిల్లా